కృత కారిత అనుమోదితాలు: జైన వర్తక సమాజ చరిత్రలో ఒక ధర్మసందేహం

హింసను మూడు విధాలుగా లెక్కించడం జైన శాస్త్రాల పద్ధతి. తాను చేసినది కృతం. ఇతరుల చేత చేయించినది కారితం. ఇతరులు చేస్తూ ఉండగా సమ్మతించినది అనుమోదితం. ఈ మూడింటినీ మనస్సు, వాక్కు, శరీరం అనే మూడు సాధనాలతో హెచ్చిస్తే తొమ్మిది భేదాలు ఏర్పడతాయి. దీక్ష స్వీకరించిన ముని ఈ తొమ్మిదింటినీ వర్జిస్తాడు. గృహస్థుడైన శ్రావకుని విషయంలో మాత్రం లెక్క మారుతుంది. శ్వేతాంబర సంప్రదాయంలో అతడు సాధారణంగా రెండు కరణాలతో, మూడు యోగాలతో అణువ్రతాలు స్వీకరిస్తాడు. చేయననీ చేయించననీ ప్రతిజ్ఞ చేస్తాడు. సమ్మతించనని మాత్రం అనడు. తొమ్మిదింటిలో మూడు వ్రతపరిధికి వెలుపలనే ఉండిపోతాయి.

సుకృత దుష్కృతాలలో చేసినవాడికీ, చేయించినవాడికీ, ప్రేరేపించినవాడికీ, ఆమోదించినవాడికీ సమభాగం ఉంటుందని చెప్పే సంస్కృత శ్లోకం తెలుగు పండితలోకానికి సుపరిచితం. ఆ శ్లోకానికి అలవాటుపడిన బుద్ధికి శ్రావకవ్రతంలోని ఈ మినహాయింపు విచిత్రంగా తోస్తుంది. శాస్త్రకారులు దీనికి చెప్పే సమాధానం సరళమైనది. ఇంట్లో ఉన్నవాడు కుమారుల సంపాదన తింటాడు, సేవకుల శ్రమను అనుభవిస్తాడు, రైతు పండించిన ధాన్యం కొంటాడు. తాను చేయకపోయినా, చేయించకపోయినా వారి కర్మఫలం అతని కంచంలోకి వస్తూనే ఉంటుంది. నిలుపుకోలేని ప్రతిజ్ఞ చేయించడం కంటే దాన్ని మినహాయించడమే నిజాయితీ.

సమాధానం నిజాయితీగలదే, కాని ప్రశ్న అక్కడితో తీరదు. గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాలలో ఓస్వాల్, శ్రీమాలి, పోర్వాడ్ కులాల పేర వృద్ధిచెందిన జైన వర్తక సమాజం శతాబ్దాల తరబడి జీవించింది సరిగ్గా ఈ మినహాయింపులోనే. వారిలో అధికసంఖ్యాకులు కత్తి పట్టలేదు, నాగలి పట్టలేదు, వల విసరలేదు. వాటిని పట్టినవారికి అప్పు ఇచ్చారు, వారి సరుకు కొన్నారు, అమ్మారు. వర్తకుని పాపపుణ్యాలు అతని చేతిలో కంటె అతని పద్దు పుస్తకంలోనే ఎక్కువగా ఉంటాయి. ఆ పుస్తకాన్ని కృతంగా లెక్కించాలా, అనుమోదితంగానా? చేతికి అంటని హింస ఎంత దూరంలో ఉంటే వర్తకునిది కాకుండా పోతుంది? ఈ సమాజపు వారసత్వంగా చెప్పుకొనే ఆలయాలు, దానాలు, పశుశాలలు, క్షమాపణ పర్వాలు అన్నింటినీ ఈ ప్రశ్నకు ఇచ్చిన భిన్న సమాధానాలుగా చదవవచ్చు.

ఆనందుని పరిగ్రహం

శ్రావకధర్మానికి మూలగ్రంథం ఏడవ అంగమైన ఉపాసకదశాంగం. అందులో మహావీరుని గృహస్థ శిష్యులు పదిమంది కథలున్నాయి. మొదటివాడు వాణిజ్యగ్రామ నివాసి ఆనందుడు. ఊరి పేరే వర్తకాన్ని సూచిస్తుంది. అతనికి నాలుగు కోట్ల సువర్ణం నిధిలో, నాలుగు కోట్లు వడ్డీ వ్యాపారంలో, నాలుగు కోట్లు గృహసామగ్రిలో ఉన్నట్లు గ్రంథం చెబుతుంది. పదివేల పశువుల మందలు నాలుగు. మహావీరుని బోధ విని అతడు పరిగ్రహ పరిమాణ వ్రతం స్వీకరిస్తాడు. అంటే తన ఆస్తికి ఒక హద్దు ప్రకటిస్తాడు. ఆ హద్దు ఏమిటని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నిధిలో నాలుగు కోట్లు, వడ్డీలో నాలుగు, గృహంలో నాలుగు, నాలుగు మందలు, 500 నాగళ్ల భూమి, దూరప్రయాణానికి 500 బండ్లు, స్థానిక రవాణాకు మరో 500. ఉన్నదేదీ పోలేదు. అప్పటికి ఉన్నదే హద్దయింది. దంతధావనానికి పచ్చి అతిమధురపు పుల్ల తప్ప మరొకటి వాడననీ, అభ్యంగనానికి శతపాక సహస్రపాక తైలాలు తప్ప ఇతర తైలాలు ముట్టననీ కూడా అతడు నియమం పెట్టుకుంటాడు.

ఈ ఘట్టాన్ని ధనికునికి అనుకూలమైన ధర్మంగా తోసిపుచ్చడం సులభం. గ్రంథం మాత్రం ఆ విమర్శకు చిక్కదు. ఎంత ఉండవచ్చునో అది చెప్పదు. ఎంత ఉందో బిగ్గరగా చెప్పమంటుంది. లెక్క చెప్పిన మరుక్షణం నుంచి వచ్చే ప్రతి అదనపు నాణెమూ వ్రతభంగమే. వర్తకానికి ప్రాణమైన వృద్ధి అనే భావనకే అది అడ్డుకట్ట. వడ్డీకి తిరుగుతున్న నాలుగు కోట్లు వడ్డీని తెస్తూనే ఉంటాయి. తెచ్చినదాన్ని ఉంచుకునే చోటు లేదు. వ్రతం దానాన్ని ఆజ్ఞాపించకుండానే దానాన్ని అనివార్యం చేస్తుంది. తరువాతి కాలపు జైన దానశీలానికి బీజం దయలో కంటె ఈ గణితంలో వెదకడం సమంజసం.

పద్నాలుగేళ్ల శ్రావక జీవితం తరువాత ఆనందుడు కుటుంబ భారం పెద్దకొడుకుకు అప్పగించి పోషధశాల చేరతాడు. తపస్సుతో అవధిజ్ఞానం పొందుతాడు. గణధరుడైన గౌతముడు గృహస్థుకు అంత జ్ఞానం కలగదని వాదిస్తాడు. మహావీరుడు ఆనందుని పక్షం వహించి, వెళ్లి క్షమాపణ కోరమని గౌతముని ఆదేశిస్తాడు. వడ్డీవ్యాపారి ఎదుట ప్రధానశిష్యుడు క్షమాపణ చెప్పుకున్న కథ ఇది. శ్రావకుడు ముని కంటె తక్కువవాడే. కాని అతని మార్గం మార్గమేనని ఆగమం అంగీకరించింది.

దిగంబర సంప్రదాయంలో సమంతభద్రుడు రత్నకరండ శ్రావకాచారంలో నిరూపించిన పదకొండు ప్రతిమలను ఇక్కడ పరిశీలించడం అవసరం. ఇవి గృహస్థు క్రమంగా ఎక్కవలసిన మెట్లు. తొమ్మిదవ మెట్టు పరిగ్రహత్యాగం. పదవది అనుమతిత్యాగం. క్రమాన్ని గమనిస్తే ఒక లోతైన అభిప్రాయం బయటపడుతుంది. ఆస్తిని విడిచిన తరువాత కూడా మనిషి కుమారుని వ్యాపారానికి సలహా ఇస్తూనే ఉంటాడు, లాభం వచ్చిందంటే తల ఊపుతూనే ఉంటాడు. ఆ తల ఊపడం మానడం ధనం మానడం కంటె పై మెట్టు. శ్వేతాంబరులు వ్రతారంభంలో మినహాయించినదాన్ని దిగంబరులు ప్రయాణం చివర నిలిపారు. అనుమోదన అత్యంత దుష్కరమని ఇరువురూ ఒప్పుకున్నట్లే.

నిషిద్ధ వృత్తులు, ఒక సులభ సూత్రం

జైనులు వర్తకులు కావడానికి అహింసావ్రతమే కారణమని, భూమిని దున్నితే క్రిమికీటకాలు చస్తాయి గనుక వారు వ్యవసాయం వదలి వ్యాపారం పట్టారని ఒక వివరణ పాఠ్యపుస్తకాల వరకు వ్యాపించింది. ఆ వివరణకు ఆధారం ఆనందుని కథలోనే కనిపించే పదిహేను కర్మాదానాలు. బొగ్గులు కాల్చడం, అడవులు నరకడం, భూమిని తవ్వడం, దంతం, లక్క, మద్యాదిరసాలు, కేశవంతులైన జీవులు, విషం మొదలైనవాటి వ్యాపారం, గానుగలాడించడం, కార్చిచ్చు పెట్టడం, చెరువులు ఎండగట్టడం ఇందులో ఉన్నాయి. కాని అదే కథానాయకునికి 500 నాగళ్లున్నాయి. పదిమంది ఉపాసకులలో మరొకడు సద్దాలపుత్తుడు. అయిదువందల కుండల అంగళ్లకు అధిపతి, నిప్పుతో బతికే కుమ్మరి. కర్ణాటకలో, దక్షిణ మహారాష్ట్రలో, తమిళ దేశంలో నేటికీ వ్యవసాయమే వృత్తిగాగల జైన కుటుంబాలు ఉన్నాయి. జినసేనుని ఆదిపురాణంలో వృషభదేవుడు ప్రజలకు నేర్పిన ఆరు వృత్తులలో కృషి కూడా ఒకటి. అదే ఇతివృత్తాన్ని కన్నడంలో కావ్యంగా తీర్చిన పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ ప్రాంతపు కుర్క్యాల శాసనంలో తెలుగు కందాలు చెక్కించిన సంగతి తెలుగు పరిశోధకులకు చెప్పనక్కరలేదు. ఆ కుటుంబం వర్తక కుటుంబం కాదు. జైనానికీ అంగడికీ ఉన్న సంబంధం పశ్చిమ భారతపు చారిత్రక పరిణామమే గాని, సిద్ధాంతం నుంచి తప్పనిసరిగా వెలువడినది కాదు.

అయినా కర్మాదానాల పట్టిక నిష్ప్రయోజనం కాలేదు. మోఢ్ వణిక కుటుంబంలో పుట్టిన హేమచంద్రుడు పన్నెండవ శతాబ్దిలో చాళుక్య కుమారపాలుని కోసం రచించిన యోగశాస్త్రంలో దీన్ని వివరించాడు. విషవాణిజ్యం అన్న పదానికి అతడు ఇచ్చిన అర్థం విస్తృతమైనది. విషంతోపాటు ఆయుధాలు, నాగళ్లు, యంత్రాలు, ఇనుము, హరిదళం కూడా అందులో చేరాయి. ప్రాణం తీసే వస్తువు ఏదైనా విషమే. గృహస్థధర్మానికి అర్హుడైనవానికి ఉండవలసిన ముప్పయ్యయిదు గుణాలలో న్యాయార్జితమైన ధనాన్ని అతడు మొదట నిలిపాడు. దానం తరువాతి మాట. ముందు సంపాదన శుభ్రంగా ఉండాలి. వర్తక కుటుంబపు బిడ్డకు ఏది ముందు అడగాలో తెలుసు.

పట్టికకు ఒక పరిమితి ఉంది. అది చేయకూడని పనులను, అమ్మకూడని వస్తువులను పేర్కొంటుంది. ధనానికి మాత్రం ఈ పట్టికలో పేరు లేదు. ధనం దంతం కాదు, లక్క కాదు, విషం కాదు. ఏ వస్తువుగానైనా మారగల వస్తువు అది. అప్పు ఇచ్చేవాడు పదిహేను కర్మాదానాలలో దేనినీ స్పృశించకుండానే పదిహేనింటికీ పెట్టుబడి సమకూర్చగలడు.

ఋణం, రాజ్యం

అహమ్మదాబాదు నగరశేఠ్ శాంతిదాస్ ఝవేరి (మరణం 1659) ఓస్వాల్ రత్నవర్తకుడు. మొఘల్ అంతఃపురాలకు ఆభరణాలు సమకూర్చాడు. సరస్‌పుర్‌లో అతడు నిర్మించిన చింతామణి పార్శ్వనాథాలయాన్ని 1645లో సుబేదారుగా ఉన్న ఔరంగజేబు మసీదుగా మార్పించగా, షాజహాన్ ఫర్మానా ద్వారా 1648లో దాన్ని తిరిగి రాబట్టుకోగలిగాడు. పాలితాణా శత్రుంజయ తీర్థంపై హక్కును కూడా రాజముద్రతో సంపాదించాడు. ఈ విజయాలను సమాజం గర్వంగా స్మరిస్తుంది, స్మరించదగినవే. 1658లో షాజహాన్ కుమారుల నడుమ సింహాసన యుద్ధం మొదలైనప్పుడు గుజరాత్‌లో ఉన్న మురాద్ బక్ష్ సైన్యం కోసం శాంతిదాస్ కుటుంబం నుంచి, సహవర్తకుల నుంచి అయిదున్నర లక్షల రూపాయలు అప్పు తీసుకున్నాడు. కొద్ది నెలలకే మురాద్ బందీ అయ్యాడు. ఔరంగజేబు ఆ అప్పు తీర్చమని ఉత్తర్వు ఇచ్చాడు. గుడిని మసీదు చేయించినవాడే గుడి కట్టించినవానికి బాకీ చెల్లించమన్నాడు.

ఈ ఋణం సమ్మతితో ఇచ్చినదా, నిర్బంధంతో ఇచ్చినదా? సైన్యంతో ఊళ్లో దిగిన రాజకుమారుడు అడిగితే కాదనే వర్తకుడు ఉండడు. అనుమోదన అంటే మనస్సు ఒప్పుకోవడమని శాస్త్రం. భయంతో ఇచ్చిన చోట మనస్సు ఒప్పుకోలేదనవచ్చు. అయితే ఋణపత్రం రాసుకున్నప్పుడు, దానిపై హక్కును విజేత దగ్గర నిలబెట్టుకున్నప్పుడు ఆ వాదం కొంత బలహీనపడుతుంది. దోచుకున్న సొమ్మును ఎవరూ బాకీగా రాసుకోరు.

ముర్షిదాబాదులో కథ ఇంకా ముందుకు సాగింది. రాజస్థాన్‌లోని నాగోర్ నుంచి తూర్పుకు వెళ్లిన ఓస్వాల్ కుటుంబం అక్కడ జగత్ సేఠ్ బిరుదుతో బెంగాల్ టంకశాలను, రాజస్వాన్ని, హుండీలను చేతిలో ఉంచుకుంది. 1757 ప్లాసీ కుట్రలో మహతాబ్ చంద్ పాత్ర సుప్రసిద్ధం. ఆ ఇంటివారు ఎవరూ ఆ తోపులో తుపాకి పేల్చలేదు. ఆ యుద్ధఫలితాన్ని నిర్ణయించినవారిలో మాత్రం వారు ముందువరుసలో ఉన్నారు. 1763లో మీర్ కాసిం అతణ్ణీ, దాయాది సోదరుడు స్వరూప్ చంద్‌నూ చంపించాడు. ఇక్కడ భయం అనే సమర్థన చాలదు. ఇది అనుమోదితం కూడా కాదు, కారితమే. ధనం ద్వారా చేయించడాన్ని చేయించడంగా గుర్తించే భాష ఆ వ్రతంలో ఉంది. దాన్ని ఎంతదూరం వర్తింపజేయాలో నిర్ణయించుకోవలసింది మాత్రం వ్రతధారియే.

రాగిరేకు

దీనికి ఎదురుగా నిలిపి చూడవలసిన కథ కచ్ఛ్‌లోని భద్రేశ్వర వర్తకుడు జగడూశాహ్‌ది. పదమూడవ శతాబ్ది మధ్యలో మూడేళ్లపాటు సాగిన కరవులో అతడు రాజులకూ ప్రజలకూ ధాన్యం పంచినట్లు సర్వానందుని జగడూచరితం వర్ణిస్తుంది. ఆ సంస్కృత కావ్యం ప్రశంసాకావ్యం. అందులోని ధాన్యపు లెక్కలను చరిత్రగా తీసుకోనవసరం లేదు. కథలోని నైతిక నిర్మాణమే గమనింపదగినది. రాబోయే కరవును గురించి గురువు ముందుగా హెచ్చరిస్తాడు. జగడూ దేశదేశాల నుంచి ధాన్యం కొని కొట్లలో నింపుతాడు. కరవు వస్తుంది. అణహిల్లపురాధీశుడు వీసలదేవుడు ధాన్యం అడిగితే, తన సొంత ధాన్యం లేదని జగడూ చెబుతాడు. కొట్లు తెరిపించగా, ఆ ధాన్యం పేదల కోసం ఉంచినదని రాసిన రాగిరేకు లోపల దొరుకుతుంది.

ధాన్యపు వ్యాపారం చేసే ప్రతి ఊరిలోనూ కరవుకు ముందు ధాన్యం కొని దాచేవాడు ఉంటాడు. అతణ్ణి నిల్వదారు అంటారు, ధర పెరిగాక శపిస్తారు. జగడూ సరిగ్గా అదే పని చేశాడు. ముందుచూపు ఒకటే, కొనుగోలు ఒకటే, తాళం ఒకటే. తేడా అంతా రాగిరేకులో, అదీ దాన్ని వేసిన కాలంలో ఉంది. ధర పెరిగిన తరువాత పంచితే అది దానం. ధర పెరగకముందే యాజమాన్యం వదులుకోవడం వేరు. ఇతరుల ఆకలి పెరిగేకొద్దీ తన ఆస్తి విలువ పెరగడమనే సంబంధాన్నే అది తెంచివేస్తుంది. కరవును చూసి వర్తకుని మనస్సు లోలోపల సంతోషించే అవకాశమే అక్కడ లేదు. అనుమోదన దోషాన్ని ముందుగానే మూసివేసిన అరుదైన ఊహ ఇది. కథ చెప్పినవాడికి వర్తకుని మనస్సు బాగా తెలుసు.

నల్లమందు, పింజరాపోల్

పందొమ్మిదవ శతాబ్ది బొంబాయిలో శేఠ్ మోతీచంద్ అమీచంద్ (మోతీషా, మరణం 1836) పేరు రెండు విధాలుగా నిలిచింది. శత్రుంజయంలో కుంతాసర్ అనే లోతైన లోయను పూడ్పించి, దానిమీద ఆలయసముదాయం కట్టించినవాడు అతడు. అది నేటికీ మోతీషా టూంక్ అనే పిలువబడుతుంది. భాయ్‌ఖళాలో ఆదీశ్వరాలయం నిర్మించాడు. బొంబాయిలో వీధికుక్కలను చంపించే ప్రభుత్వవిధానంపై అలజడి రేగిన తరువాత 1834లో స్థాపితమైన పింజరాపోల్‌కు పార్సీ వర్తకుడు జంషెట్జీ జీజీభాయ్‌తోపాటు ప్రధాన పోషకుడయ్యాడు. వృద్ధపశువులకు, కుంటిజంతువులకు మరణం వరకు మేత పెట్టే ఆ వ్యవస్థను అహమ్మదాబాదు, సూరతు మహాజనులు అంతకు ఎన్నో తరాల ముందే నడిపారు. సరుకుల మీద వర్తకులు తమకు తాము విధించుకున్న రుసుముతో అది నడిచేది.

అదే మోతీచంద్, అదే జీజీభాయ్ చైనా వ్యాపారంలో భాగస్థులు. ఆ వ్యాపారంలో పత్తితోపాటు ప్రధాన సరుకు మాళవ ప్రాంతపు నల్లమందు. బొంబాయి ఓడలలో కాంటన్ వైపు వెళ్లిన ఆ పెట్టెల లాభం నగరంలోని అనేక ధర్మసంస్థల పునాదుల్లో ఉంది.

దీన్ని కపటమని కొట్టివేసే పాఠకునికి ఆనాటి పరిస్థితి కొంత గుర్తుచేయాలి. నల్లమందు అప్పటి భారతదేశంలో వైద్యుని పెట్టెలో ఉండే వస్తువు. దాని అమ్మకాన్ని నిషేధించే చట్టం ఇక్కడ లేదు. పైగా బెంగాల్‌లో కంపెనీయే దాని గుత్తాధిపతి. కాని నిషేధం మరొక చోట ఉంది. చైనా సామ్రాట్టు దాన్ని నిషేధించాడు. ఆ సంగతి బొంబాయి వర్తకులకు తెలుసు. దొంగచాటు సరుకు గనుకనే అంత లాభం. ప్రాణం తీసే వస్తువు అనే హేమచంద్రుని నిర్వచనం ఆరువందల ఏళ్లకు పైగా వారి ఉపాశ్రయాలలో చదువబడుతూనే ఉంది.

అలాంటప్పుడు ఆ నిర్వచనం ఈ పెట్టెలకు ఎందుకు వర్తించలేదు? ఒక సమాధానం దూరం. వీధిలో ఈడ్చుకుపోతున్న కుక్క అరుపు వినబడుతుంది. కాంటన్‌లో పొగ పీల్చేవాని దగ్గు వినబడదు. దయ ఇంద్రియాల ద్వారా పనిచేసే గుణం కావడం వల్ల దాని వ్యాసార్థం చిన్నది. జైన శాస్త్రం ఈ బలహీనతను ముందే గ్రహించిందనడానికి నిదర్శనాలున్నాయి. గృహస్థు పన్నెండు వ్రతాలలో ఆరవది దిగ్వ్రతం: ఏ దిక్కున ఎంతదూరం వరకు తన వ్యవహారం సాగాలో ముందుగా హద్దు పెట్టుకోవడం. దీన్ని ప్రయాణనియమంగా చదివితే వర్తకునికి అర్థంలేని ఇబ్బందిగా కనిపిస్తుంది. బాధ్యతానియమంగా చదివితే దాని సారం తెలుస్తుంది. కన్ను చేరలేనిచోటికి చేయి చాచకూడదని అది చెబుతోంది. సముద్రవాణిజ్యం విస్తరించిన కొద్దీ ఈ వ్రతపు హద్దులను వర్తకులు అంతే విశాలంగా ప్రకటించుకున్నారు. ఆనందుడు ఉన్న ఆస్తినే హద్దు చేసుకున్నట్లు వారు తమ వ్యాపారం చేరిన తీరాన్నే హద్దు చేసుకున్నారు. వ్రతం అక్షరాలా నిలిచింది.

రెండవ సమాధానం మరింత ఇబ్బందికరమైనది. పింజరాపోల్ ఆ లాభానికి ప్రాయశ్చిత్తమని నేటి విమర్శకులు అంటారు. ప్రాయశ్చిత్తం కావాలంటే ముందుగా దోషమని ఒప్పుకోవాలి. ఆ దోషం ఎవరూ ఒప్పుకున్న జాడ లేదు. కుక్కలను రక్షించడం దోషానికి బదులుగా కాక, దోషం లేదన్న నమ్మకానికి సాక్ష్యంగా పనిచేసి ఉండవచ్చు. చీమను కూడా తప్పించి నడిచేవాడు హింసకుడెలా అవుతాడన్న ఆత్మవిశ్వాసం సమీపంలోని సూక్ష్మ అహింస నుంచి పుడుతుంది. అది దూరపు స్థూలహింసను కనిపించకుండా చేస్తుంది.

దానంపై ఒక ఆక్షేపం

దానం ఈ సమస్యను పరిష్కరిస్తుందా అన్న ప్రశ్నను సంప్రదాయం లోపలి నుంచే తీవ్రంగా అడిగినవాడు 1760లో మేవాడ్‌లో తేరాపంథ్‌ను స్థాపించిన ఆచార్య భిక్షు. సంయమం లేనివానికి ఇచ్చే దానం లౌకిక కర్తవ్యమే గాని మోక్షధర్మం కాదని అతని వాదం. జంతువును ధనమిచ్చి విడిపించడం కూడా ఆధ్యాత్మిక దయ కాదు. చంపేవాని హృదయం మారితేనే అది ధర్మం. డబ్బిస్తే కసాయి మరో జంతువును కొంటాడు. అసంయమిని పోషించడం అతని అసంయమాన్ని అనుమోదించడమేనని అతడు మన ప్రశ్నలోని అదే పదాన్ని దాతల మీదికి తిప్పాడు.

దయాధర్మానికి విరోధి అన్న నింద అతనికి తప్పలేదు. అతని వాదాన్ని చివరివరకు తీసుకుపోతే ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడానికి ధర్మబలం మిగలదు. ఈ లోపం చిన్నది కాదు. అయితే ధనంతో పుణ్యాన్ని కొనలేమన్న అతని మూలసూత్రం దాతల సమాజానికి అత్యవసరమైనది. అతని అనుచరులలో అధికులు మార్వాడ్ ఓస్వాల్ వర్తకులే కావడం విశేషం. తమ దానాలకు ఆధ్యాత్మిక మూల్యం లేదని చెప్పిన గురువును వారు అనుసరించారు. ఆ పరంపరలోని ఆచార్య తులసి 1949లో ప్రారంభించిన అణువ్రత ఉద్యమం దానం గురించి మాట్లాడలేదు. కల్తీ చేయవద్దని, తప్పు తూకం వేయవద్దని వర్తకుని అడిగింది. హేమచంద్రుడు మొదట నిలిపిన గుణం వద్దకే చర్చ తిరిగి వచ్చింది.

విగ్రహపూజక శాఖలలో దానం జినబింబం, ఆలయం, ఆగమం, సాధువు, సాధ్వి, శ్రావకుడు, శ్రావిక అనే ఏడు క్షేత్రాలకు విభక్తమైంది. పై క్షేత్రానికి చేరిన ధనం కింది క్షేత్రానికి దిగరాదు. పూజలో తొలి అవకాశం కోసం సాగే వేలంపాటల ధనం దేవద్రవ్యమై మానవుల ఆకలికి అందకుండా పోతుంది. ఈ నియమాన్ని నిందించేవారు దాని ఫలితాన్ని కూడా చూడాలి. ఆబూ పర్వతం మీద 1031లో విమలుడు, 1230లో తేజపాలుడు కట్టించిన ఆలయాలు ఇన్ని శతాబ్దాల తరువాత నిలిచి ఉండడానికి ఆ నియమం కూడా ఒక కారణం. తెలంగాణలోని కొలనుపాక ప్రాచీన జైనక్షేత్రం నేడు వైభవంగా కనిపించడం వెనుక కూడా వలసవచ్చిన శ్వేతాంబర వర్తకుల దానమే ఉంది.

తనను తాను లెక్కకట్టడం

వర్తకుని చేతిలో ఉన్న అత్యంత నిశితమైన సాధనం పద్దు. దాన్ని తనమీదే ప్రయోగించుకున్నవాడు బనారసీదాసు. శ్రీమాలి కులానికి చెందిన ఈ జౌన్‌పుర్, ఆగ్రా వర్తకుడు 1641లో తన అయిదున్నర దశాబ్దాల జీవితాన్ని అర్ధకథానకం పేర పద్యాలలో చెప్పుకున్నాడు. అతడు గొప్ప శేఠ్ కాదు. రత్నాలు పోగొట్టుకున్నాడు, బేరాల్లో నష్టపోయాడు, ఆగ్రాలో నెలల తరబడి కచౌరీలు అరువు తిన్నాడు, తొమ్మిదిమంది బిడ్డలను పోగొట్టుకున్నాడు. గ్రంథాంతంలో తన గుణాలను ఒకవైపు, దోషాలను మరోవైపు జమాఖర్చులా రాశాడు. తేడా తేల్చలేదు.

ఈ జమాఖర్చుకు సామాజికరూపం ప్రతిక్రమణం. పర్యూషణాంతంలో సంవత్సరీ రోజున తెలిసీ తెలియకా చేసిన అపరాధాలకు సకల జీవుల నుంచి క్షమ కోరడం, బంధుమిత్రులకు, గిరాకీదారులకు క్షమాపణ లేఖలు రాయడం ఆచారం. ప్రార్థనలో ఎనభైనాలుగు లక్షల జీవయోనులు ఉంటాయి. లేఖ మాత్రం చిరునామా తెలిసినవారికే చేరుతుంది. దీపావళినాడు కొత్త పద్దు పుస్తకం మొదటి పుటలో గౌతమస్వామి లబ్ధిని, శాలిభద్రుని సంపదను కోరుకుంటూ రాయడం మరో ఆచారం. శాలిభద్రుడు రాజగృహ వర్తకపుత్రుడు. తన మీద కూడా రాజనే ప్రభువు ఉన్నాడని విన్నప్పుడు సర్వసంపదనూ వదిలి దీక్ష స్వీకరించాడు. సంపదను వదిలినవాని సంపదనే వర్తకుడు ప్రతియేటా కోరుకుంటాడు. ఈ వైరుధ్యాన్ని ఆ సమాజం దాచుకోలేదు, పుస్తకం మొదటి పుటలోనే రాసుకుంది.

బొంబాయిలో వజ్రాలు, ముత్యాల వ్యాపారం చేసిన శ్రీమద్ రాజచంద్ర (1867–1901) గాంధీజీకి ఆధ్యాత్మిక మార్గదర్శకులలో ఒకడు. బేరం ముగిసిన మరుక్షణం ధర్మగ్రంథమో, రాతపుస్తకమో తెరిచే అతని అలవాటును గాంధీజీ ఆత్మకథలో ప్రస్తావించాడు. అతని జీవితచరిత్రలు చెప్పే ఒక సంఘటన ఉంది. ఒక వర్తకుడు నిర్ణీత ధరకు వజ్రాలు ఇస్తానని అతనికి పత్రం రాసిచ్చాడు. తరువాత ధర విపరీతంగా పెరిగింది. పత్రం ప్రకారం సరుకు ఇస్తే ఆ వర్తకుని కుటుంబం వీధిన పడుతుంది. రాజచంద్ర స్వయంగా అతని అంగడికి వెళ్లి, మాట నిలబెట్టుకుంటానంటున్న అతని చేతి నుంచి పత్రం అడిగి తీసుకుని చింపివేశాడు.

ఇక్కడ న్యాయార్జిత ధనం అన్న నియమం ఉల్లంఘితం కాలేదు. పత్రం న్యాయమైనదే, లాభం న్యాయమైనదే. హింస ఎవరూ చేయలేదు, చేయించలేదు. మిగిలింది ఒక్కటే: ఎదుటివాని పతనం వల్ల వచ్చే లాభానికి మనస్సులో సమ్మతి. శ్రావకవ్రతం అతణ్ణి అడగని మూడు భేదాలలో అది ఒకటి. జగడూ రాగిరేకుతో ముందుగా మూసినదాన్ని రాజచంద్ర చివరిక్షణంలో మూశాడు. ఇద్దరికీ ఎదుటివాని ముఖం తెలుసు, ఊరు తెలుసు. నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఆ అంగడి ఉంది. చేతులు మారుతూ పోయే హుండీకి అవతల, ఓడ చేరే రేవులో, ఎవరి పేరూ రాయని పద్దులో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి చింపగల పత్రం ఏదో ఆ వ్రతశాస్త్రం ఇంకా నిర్ణయించవలసి ఉంది.